మన వయసుకు తగిన ఇల్లు – ఇంటి సామాను

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, "గృహాలంకరణ మీద ఇరవై నిమిషాలు మాట్లాడాలండీ" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. కరువు భత్యం బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకునే వేదిక మీద నుంచి కర్టెన్లూ కుర్చీలూ అంటే వినేదెవరండీ అన్నాను. "మీ ఇల్లు చూసి వచ్చినవాళ్ళే అడుగుతున్నారు, కాదనకండి" అన్నారు. అందుచేత ఒప్పుకున్నాను.

ముందుగా ఒక్క మాట మనవి చేస్తాను. నేను ఇంటీరియర్ డెకరేటర్‌ని కాను. ఇంజనీరింగ్ శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి 2006లో రిటైరయ్యాను. మెట్టు ఎత్తెంత, కిటికీ వెడల్పెంత, వరండా ఎన్ని అడుగులు అని సర్వీసంతా గీతలు గీశాను. అన్ని కొలతలు వేసినవాణ్ణి, మా ఇంట్లో నేను రోజూ కూర్చునే కుర్చీ ఎత్తెంతో ఒక్కనాడూ కొలిచి చూడలేదు. కొలవాల్సిన రోజు ఎలా వచ్చిందో చెబితే తక్కిన విషయమంతా దానంతటదే వస్తుంది.

2018లో ఒక రాత్రి మా ఆవిడ బాత్‌రూముకని లేచింది. నన్ను లేపడమెందుకని లైటు వేయలేదు. హాల్లో గాజుపలక టీపాయి ఉండేది, దాని పక్కనే ఒక చిన్న రగ్గు. రగ్గు జారింది, టీపాయి అంచు పట్టుకోబోయింది, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. డిశ్చార్జి చేసే రోజున డాక్టరుగారు మందుల చీటీ రాసిచ్చి, నన్ను కూర్చోబెట్టి అడిగారు: "మీ మంచం ఎత్తెంతండీ? కుర్చీ ఎత్తెంత? బాత్‌రూము తలుపు ఎటు తెరుచుకుంటుంది?" మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. నేనేం ఉద్యోగం చేశానో ఆయనకు తెలియదు గనుక పరువు దక్కింది.

ఇంటికి వచ్చాక వాకర్ ఇచ్చారు. దాని వెడల్పు 24 అంగుళాలు. మా సోఫాకూ టీపాయికీ మధ్య ఉన్న దారి 17 అంగుళాలు. ఆ 7 అంగుళాల కోసం ఆరోజు సాయంత్రమే టీపాయిని బయట పెట్టేశాను. తరువాత రగ్గు. ఆ తరువాత సోఫా దగ్గరకు వచ్చేసరికి చేయి ఆగింది.

ఆ సోఫా 2007లో మా అబ్బాయి తన మొదటి బోనస్ డబ్బుతో కొన్నాడు. చూడ్డానికి దివాణంలా ఉండేది. కానీ అందులో మనిషి కూర్చుంటే ఫోము లోపలికి దిగి, నేల నుంచి 14 అంగుళాలు మాత్రమే ఉండేది. కూర్చోవడానికి ఒక్కరు చాలు, లేపడానికి ఇద్దరు కావాలి. మా ఆవిడ ఆపరేషన్ అయిన కాలుతో అందులోంచి లేవలేక, ఎవరూ చూడనప్పుడు కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. అబ్బాయికి ఫోన్ చేసి సోఫా ఇచ్చేస్తున్నానని చెప్పాను. హైదరాబాదు నుంచి కాసేపు మాటే లేదు. "మీ ఇష్టం నాన్నా" అన్నాడు చివరికి. ఆ 'మీ ఇష్టం'లో ఎంత కష్టం ఉందో పిల్లలున్న మీ అందరికీ తెలుసు. తీసేసే వస్తువులన్నిటి వెనకా ఎవరో ఒకరుంటారు. మన ఇళ్ళు సామానుతో నిండిపోవడానికి సగం కారణం అదే.

ఇక కొలతల సంగతి. కుర్చీ ఎత్తును దుకాణంవాడు నిర్ణయించకూడదు, మన కాలు నిర్ణయించాలి. మడమ నుంచి మోకాలి వెనక మడత దాకా కొలవండి.  కూర్చున్నప్పుడు పాదాలు రెండూ పూర్తిగా నేలకు ఆనాలి, మోకాళ్ళు తుంటి కంటే పైకి లేవకూడదు. మోకాళ్ళు అరిగినవారికి ఒక అంగుళం ఎక్కువున్నా మంచిదే. చేతులున్న కుర్చీయే కావాలి. ఆ చేతులు సీటు మీద 8, 9 అంగుళాల ఎత్తున ఉండి, కాస్త ముందుకు వస్తే వాటి మీద బరువు వేసి లేవవచ్చు. సీటు మరీ లోతైతే వీపు ఆనదు, అప్పుడు దిండ్లు పెట్టుకుంటూ పోవడమే. పాత ప్రభుత్వ కార్యాలయాల్లో కేను అల్లిన చేతుల కుర్చీలుండేవి, గుర్తున్నాయా? మనం వాటిని పాతకాలంవని వెక్కిరించాం. నేను అలాంటివే రెండు వడ్రంగి చేత చేయించాను. వేసవిలో వీపుకు గాలి తగులుతుంది, బెజవాడ ఎండల్లో ఫోము మీద కూర్చున్నట్టు చెమటలు కారవు.

పడక కుర్చీ మాటేమిటని ఎవరో అడుగుతారు. నాకూ ఇష్టమే. మా నాన్నగారిది ఇప్పటికీ ఉంది. కానీ అది మగవాళ్ళు పేపరు చదువుతూ నిద్రపోయే సాధనం, మోకాళ్ళ నొప్పులవాళ్ళు లేవగలిగే కుర్చీ కాదు. వరండాలో ఉంచాను, మనవలు కూర్చుంటారు.

మంచం కూడా అంతే. పరుపుతో కలిపి 18 నుంచి 20 అంగుళాల మధ్య ఉంటే అంచున కూర్చున్నప్పుడు పాదం నేలకు తగులుతుంది. మా పాత టేకు మంచం తక్కువ ఎత్తు. కొత్తది కొనకుండా కోళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టించాను. దిమ్మ పైన గుంట తొలిపించి, కోడు అందులో దిగేటట్టు చేయించాలి. ఊరికే ఇటుకలు పెడితే ఏదో ఒకరోజు జారుతుంది. వడ్రంగి సందేహపడ్డాడు. "బాబాయ్‌గారూ, వాస్తు చూపించారా?" అన్నాడు. "ఏ దిక్కున వేయాలో సిద్ధాంతిగారు చెప్పారయ్యా, ఎంత ఎత్తున వేయాలో మీ పిన్నిగారి మోకాలు చెప్పింది" అన్నాను.

బాత్‌రూము గురించి క్లుప్తంగా చెబుతాను. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు ఆ మనిషే అడ్డమవుతాడు. గడియ బయటినుంచి కూడా తీయగలిగేది పెట్టించండి. కమోడు పక్కన పట్టుకోవడానికి స్టీలు కడ్డీ ఉండాలి, అది గోడ ఇటుకలోకి దిగిన బోల్టులతో బిగించినదై ఉండాలి. తువ్వాలు ఆరేసుకునే రాడ్ మనిషి బరువు మోయదు. అయినా కాలు జారినప్పుడు చేయి దానికేసే పోతుంది, అది కాస్తా ఊడివస్తుంది. మంచం దగ్గరనుంచి బాత్‌రూము దాకా రాత్రంతా వెలిగే చిన్న ఎల్.ఇ.డి. దీపాలు రెండు చాలు. కరెంటు ఖర్చు లెక్కలోకి రాదు.

ఇదంతా చేసి, ఇల్లు బాగా అమర్చుకున్నానని నేను గర్వపడుతున్న రోజుల్లో 2024 సెప్టెంబరు 1 వచ్చింది.

మా ఇల్లు అజిత్‌సింగ్‌నగర్‌లో, కింది అంతస్తు. ఆ ఆదివారం బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి నీళ్ళు ఊరిమీద పడ్డాయి. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే వాగు అది. 2005లో కూడా పొంగింది, అయినా మరిచిపోయాం. అవతల కృష్ణ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులతో పోటెత్తి ఉంది. 1957లో బ్యారేజీ పూర్తయిన తరువాత అంత నీరు ఎన్నడూ రాలేదు. బుడమేరు నీళ్ళు కృష్ణలోకి పోయే దారి ఎక్కడ? మా ఇంట్లోకి నాలుగడుగులు వచ్చాయి. మా ఆవిణ్ణి పై అంతస్తువాళ్ళ కుర్రాళ్ళు ఇద్దరు కుర్చీతో సహా ఎత్తి మేడమీదికి చేర్చారు. ఇందాక చెప్పిన చేతుల కుర్చీయే అది. ఆరు రోజులు వాళ్ళింట్లో ఉన్నాం. పడవల్లో తెచ్చిన పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు తాళ్ళతో పైకి లాక్కున్నాం.

నీళ్ళు తీశాక తలుపు తోసి చూస్తే, నా ఇంటి సామానుకు పరీక్ష పెట్టి మార్కులు వేసి వెళ్ళినట్టుంది.

మొదట తప్పినవి వంటింటి కబోర్డులు. 2021లో నగరంలోని ఒక దుకాణంవారు వాటర్‌ప్రూఫ్ అని చెప్పి అమర్చినవి. పాలల్లో వేసిన అటుకుల్లా ఉబ్బి, చేత్తో తీస్తే ముద్దలుగా వచ్చాయి. అది పార్టికల్ బోర్డు. చెక్క పొట్టును జిగురుతో కలిపి అదిమి చేసే పలక. పైన అందమైన లామినేట్ అంటిస్తారు, కానీ కోసిన అంచులోంచి, మేకు రంధ్రంలోంచి నీరు లోపలికి పోతుంది. వరదే రానక్కరలేదు, సింకు కింద రోజూ కారే చుక్క చాలు. ప్లైవుడ్ కొనేటప్పుడు దానిమీద ముద్ర చదవండి. ఐ.ఎస్. 303 అని ఉండి ఎమ్.ఆర్. గ్రేడ్ అంటే గాలిలో తేమ వరకే తట్టుకుంటుంది. ఐ.ఎస్. 710 అంటే మెరైన్ ప్లైవుడ్, మరిగే నీళ్ళలో పరీక్షించి ముద్ర వేసేది. వంటింటికి అది కావాలి. డబ్బు ఎక్కువవుతుందంటే కబోర్డులు సగం చేయించుకోండి, తక్కిన సగానికి కడప రాతి పలకల అరలు కట్టించుకోండి. మా అమ్మ వంటిల్లు అదే, ఏ చెదా పట్టలేదు.

నెగ్గినవాటిలో మొదటిది మా నాన్నగారి టేకు మంచం. నవారు విప్పి ఉతికి, కోళ్ళూ పట్టీలూ కడిగి, పది రోజులు నీడన ఆరబెట్టాం. టేకులో ఉండే సహజమైన నూనె దాన్ని కాపాడింది. ఎండలో పెడితే పగుళ్ళిస్తుంది, ఆ తొందర పడకూడదు. కేను కుర్చీల్లో కింద మిగిలిపోయిన రెండోదానికి అల్లిక మాత్రం మార్పించాను. ప్లాస్టిక్ కుర్చీలు తేలి, ఇల్లంతా తిరిగి, దేవుడి గది ముందు ఆగాయి. వాటికి ఏమీ కాలేదు. వాటిని చులకన చేయకండి.

ఇనప బీరువా నన్ను బాగా ఏడిపించింది. భద్రమని నా పి.పి.ఓ. పుస్తకం, ఇంటి దస్తావేజులు, మా పెళ్ళి ఫోటో అన్నీ దాని కింది లాకర్లో పెట్టుకున్నాను. తాళం తుప్పుపట్టి బిగుసుకుంది. రంపంతో కోయించి తీస్తే కాగితాలన్నీ ఒకే అట్టలా అతుక్కున్నాయి. ఫ్యాను కింద ఒక్కొక్క పేజీ విడదీసి ఆరబెట్టాను. పి.పి.ఓ. నంబరు కనబడుతోంది, ఫోటోలో మా ఆవిడ కనబడుతోంది, నేను కనబడడం లేదు. "పోనీలెండి, మీరు ఎదురుగానే ఉన్నారుగా" అంది.

షోకేసులో కొండపల్లి బొమ్మలుండేవి. తెల్ల పొణికి చెక్క తేలిక కదా, తేలాయి. కానీ బొమ్మ అతుకులను చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. ఆరు రోజుల నీటికి అది కరిగిపోయింది. అంబారీ ఏనుగు ఒకచోట, అంబారీ ఒకచోట, మావటివాడు బాత్‌రూములో దొరికారు. మావటివాణ్ణి మాత్రం అలాగే ఉంచాను.

ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్ళకు ఇచ్చిన 25,000 రూపాయలతోనూ, పిల్లలిచ్చిన దానితోనూ మళ్ళీ మొదలుపెట్టాం. అప్పుడు నాకొక చిక్కు వచ్చింది. మీ ముందు పెట్టదలచుకున్న అసలు విషయం ఇదే. మన మోకాళ్ళు "అన్నీ కిందే పెట్టు, స్టూలు ఎక్కకు" అంటాయి. బుడమేరు "అన్నీ పైన పెట్టు" అంటుంది. రెండూ నిజమే. ఎవరి మాట వినాలి?

చాలా రోజులు కాగితం మీద గీతలు గీశాక, గుడివాడ దగ్గర మా అమ్మమ్మగారి మండువా లోగిలి జ్ఞాపకం వచ్చింది. ఎత్తైన అరుగులు, నడుమ ఆకాశం కనిపించే మండువా, వాన పడితే ఆ గుంటలో పడి తూములోంచి పోయేది. అంత పెద్ద ఇంట్లో నేలమీద ఉన్న సామాను ఎంత? రెండు మంచాలు, ధాన్యానికీ బట్టలకీ ఒక భోషాణం, ఉయ్యాల బల్ల, పీటలు. తక్కినవన్నీ గోడలోనే. దీపానికి గూడు, పుస్తకానికి గూడు, బట్టలకు చిలక్కొయ్యలు. చిలక ఆకారంలో చెక్కి గోడలో దిగ్గొట్టిన ఆ కొయ్యలు మనిషి భుజం ఎత్తులో ఉండేవి. నీరు అందుకోలేనంత ఎత్తు, ముసలమ్మ అందుకోగలిగినంత కింద. కృష్ణా డెల్టాలో నీళ్ళతో కాపురం చేసినవాళ్ళ లెక్క అది. ఆ ఇళ్ళన్నీ స్వర్గమని నేననను. గడపలు ఎత్తు, తట్టుకుని ఎంతమంది పడ్డారో. వంటిల్లు పొగ, రాత్రిపూట పెరట్లోకి నడక. వాళ్ళ కొయ్యలు తీసుకుందాం, వాళ్ళ గడపలు వద్దు.

ఇప్పుడు మా ఇంట్లో ఏర్పాటు ఇది. రోజూ వాడేవి నడుము ఎత్తు నుంచి భుజం ఎత్తు వరకు గోడ అరల్లో ఉంటాయి. బయటి తలుపు పక్కన అయిదడుగుల ఎత్తున నాలుగు చిలక్కొయ్యలు. ఒకదానికి ప్లాస్టిక్ కవర్లలో పెట్టిన పి.పి.ఓ., బ్యాంకు పుస్తకం, దస్తావేజుల సంచి. రెండోదానికి వారం రోజుల మందులు, టార్చిలైటు. లేచి వెళ్ళవలసి వస్తే సంచులు తగిలించుకుని వెళ్ళడమే. అటక మీదికి నేను ఎక్కను. ఆషాఢం వెళ్ళగానే మనవడు వచ్చి దుప్పట్లూ ఆల్బమ్‌లూ పైన పెడతాడు, దసరాకి వచ్చి దింపుతాడు. వాడికి అదొక పండుగ. నేలమీద ఉన్నవాటన్నిటికీ ఆరు అంగుళాల కోళ్ళు, వాటికి రబ్బరు బుష్‌లు. చీపురు అడుగునుంచి వెళ్ళాలి, గాలి ఆడాలి. గోడకు రెండు అంగుళాలు ఎడంగా పెడితే వానాకాలం చెమ్మ తగలదు, చెదలు వస్తే కంటపడతాయి. నడిచే దారి ఎక్కడా మూడడుగులకు తగ్గకుండా చూశాను.

హాలు ఖాళీ అయింది. మా ఆవిడ మొదట్లో "పెళ్ళివారు వెళ్ళిపోయిన విడిదిలా ఉందండీ" అని బాధపడింది. ఆ బాధను తీర్చింది గుడ్డలే. పెడనలో అచ్చు వేసే మచిలీపట్నం కలంకారీ దుప్పటి ఒకటి తెచ్చి, పైనా కిందా కర్రలు కుట్టించి, తూర్పు గోడకు వేలాడదీశాం. కరక్కాయ రసంలోనూ పాలలోనూ ముంచిన గుడ్డ మీద చెక్క అచ్చులతో వేస్తారు. ఇనప తుప్పూ బెల్లమూ ఊరబెట్టి నలుపు రంగు తీస్తారు. తుప్పు నా బీరువాను తినేసింది, అక్కడ అదే తుప్పు పూలకు గీతలయింది. ఆ రంగులు నేరుగా ఎండ తగిలితే వెలుస్తాయి, పడమటి కిటికీకి వేయకండి. పడమరకు వెదురు తడికలే మేలు. వేసవిలో వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లితే ఇంకా సుఖం. తక్కిన కిటికీలకు మంగళగిరి నేత గుడ్డ. మందపు సిల్కు కర్టెన్లు దుమ్ము పట్టుకుంటాయి, గాలిని ఆపుతాయి, నేలమీద జీరాడి కాళ్ళకు అడ్డం పడతాయి. మా కర్టెన్లు కిటికీ అడుగుతోనే ఆగిపోతాయి. గోడలకు లేత రంగు వేయించాను, చూపు తగ్గినవాళ్ళకు వెలుతురు కావాలి. స్విచ్‌బోర్డుల చుట్టూ మాత్రం ముదురు రంగు పట్టీ వేయిస్తే చీకట్లో తడుముకోనక్కరలేదు.

అపార్టుమెంట్లలో మూడో అంతస్తులో ఉన్న మిత్రులు వరద సంగతి మాకెందుకంటారు. లిఫ్టు ఆగిన రోజున మీకు మెట్లున్నాయి. మెట్ల మలుపులో ఒక చిన్న కుర్చీ వేయమని మీ అసోసియేషన్‌వారిని అడగండి.

మొన్న సంక్రాంతికి మా అబ్బాయి వచ్చాడు. కేను కుర్చీలో కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు. "నాన్నా, ఇది ఎవరు చేశారు? నా నడుముకు బాగుంది" అన్నాడు. వడ్రంగి ఫోన్ నంబరు ఇచ్చాను. సోఫా ఊసు ఇద్దరమూ ఎత్తలేదు.

ఈ కొలతలన్నీ ఒక కాగితం మీద బొమ్మలతో సహా గీసి తెచ్చాను, కార్యదర్శిగారి దగ్గర ప్రతులున్నాయి. ఇంటికి వెళ్ళాక భార్యాభర్తలు ఒకరి కాలు ఒకరు కొలవండి, ఎవరి కుర్చీ వారికి వేరుగా రావచ్చు. చెప్పులు విప్పి కొలవండి. టేపు లేనివారికి నా దగ్గర మూడు అదనంగా ఉన్నాయి, తిరిగి ఇచ్చే షరతు మీద.